పద్నాలుగు క్యారెట్ల ఆజ్ఞ

బంగారం నాణ్యం చెప్పడానికి మన పాతవాళ్ళు క్యారెట్లు వాడలేదు, వన్నెలు వాడారు. పదహారు వన్నెల పసిడి అంటే ఇక వంక పెట్టడానికి లేని మేలిమి. ఆ లెక్కన చూస్తే, 1963 జనవరిలో ఈ దేశపు ఆడవాళ్ళ మెడకు ఇది చాలునని భారత ప్రభుత్వం తేల్చిన బంగారం తొమ్మిది వన్నెలకు కాస్త పైన. సర్కారు భాషలో పద్నాలుగు క్యారెట్లు. నూటికి యాభై ఎనిమిది పాళ్ళు బంగారం, మిగిలింది రాగీ వెండీ. అంతకన్నా మంచి బంగారంతో కొత్త నగ చేస్తే నేరం.

ఇంత విచిత్రమైన ఆజ్ఞ ఎవరికైనా ఎలా తట్టింది? తట్టినాయన తెలివితక్కువవాడేమీ కాదు. లెక్కల్లో గట్టివాడు, పట్టుదలలో ఇంకా గట్టివాడు: ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి.

ఆయన ముందున్న లెక్క ఇది. అప్పట్లో ప్రపంచమంతా ఔన్సు బంగారం 35 డాలర్లు. డాలరుకు 4 రూపాయల 76 పైసలు. అంటే 10 గ్రాములు దాదాపు 54 రూపాయలు. అదే 10 గ్రాములు 1962లో బొంబాయి జవేరీ బజారులో 120 రూపాయల దగ్గర ఆడుతోంది. స్వాతంత్ర్యం నాటినుంచీ బయటి బంగారం దిగుమతికి తలుపులు మూసే ఉన్నాయి. సొంత గనులా, చెప్పుకోదగ్గవి కోలారువే. జనానికి కావలసింది కొండంత. రూపాయి పెడితే రూపాయికి పైగా మిగిలే సరుకు పడవెక్కకుండా ఉంటుందా? దుబాయి నుంచి పశ్చిమ తీరానికి పడవలు వస్తూనే ఉన్నాయి. దొంగసరుకైనా దాని ఖరీదు చివరికి విదేశీ మారకద్రవ్యంలోనే తీరాలి. ఆ ద్రవ్యమే దేశం దగ్గర లేదు.

ఆ పరిస్థితిలో 1962 అక్టోబరులో చైనా యుద్ధం వచ్చింది. అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆడవాళ్ళు చేతి గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చిన రోజులవి. ప్రభుత్వం నవంబరులో ఆరున్నర శాతం వడ్డీతో పదిహేనేళ్ళ బంగారు బాండ్లు తెచ్చింది. బంగారంలో ఫార్వర్డ్ వ్యాపారం ఆపించింది. బ్యాంకులు బంగారం మీద ఇచ్చిన అప్పులు వెనక్కి లాక్కోమంది. బాండ్లకు వచ్చింది సుమారు 16 టన్నులు. దేశంలో ఇళ్ళల్లో ఉందనుకున్న బంగారం ముందు అది ఏ మూలకు?

అప్పుడు వచ్చింది పద్నాలుగు క్యారెట్ల ఆలోచన. 1963 జనవరి 9న, పార్లమెంటులో ప్రత్యేక చట్టమంటూ లేకుండా, యుద్ధం కోసం చేసుకున్న భారత రక్షణ నిబంధనలకే ఒక భాగం తగిలించి అమలు చేసేశారు. వర్తకులు లైసెన్సు తీసుకోవాలి. నగ రూపంలో లేని బంగారం ఎంతుందో జనం చెప్పాలి. కొత్త నగ పద్నాలుగు క్యారెట్లు దాటకూడదు. ఉద్దేశం ఏమంటే, నగలో మేలిమి తగ్గితే బంగారం మీద మోజు తగ్గుతుంది, మోజు తగ్గితే గిరాకీ తగ్గుతుంది, గిరాకీ తగ్గితే ధర దిగుతుంది, ధర దిగితే దొంగ పడవ రాదు. కాగితం మీద ఒకదాని వెంట ఒకటి చక్కగా నడిచే వాక్యాలే. మొదటి మెట్టు దగ్గరే బోర్లా పడ్డాయి.

ఎందుకంటే మన ఇళ్ళల్లో బంగారం సింగారం కోసమే కాదు, బ్యాంకు ఖాతా కూడా అదే. బ్యాంకుల జాతీయీకరణ జరిగింది 1969లో, అది పల్లెకు చేరడానికి ఇంకా కాలం పట్టింది. అంతకు ముందు ఊళ్ళో ఆడమనిషి పేరు మీద ఉన్న ఆస్తి ఏదైనా ఉంటే అది ఆమె ఒంటి మీదే ఉంది. విత్తనాలకు, ఆసుపత్రికి, పిల్ల పెళ్ళికి కుదువ పెట్టేది దాన్నే. అందులో సగానికి కాస్త ఎక్కువకు మించి బంగారం ఉండకూడదని ప్రభుత్వం అంటే, నీ పాసుపుస్తకంలో నూరు రూపాయలు వేస్తే యాభై ఎనిమిదే రాసుకుంటామన్నట్టు. ఎవరు వేస్తారు? కొత్త నగలు చేయించడం ఆపేశారు. ఇంట్లో ఉన్న పాతవి ఇంకా గట్టిగా దాచుకున్నారు.

దెబ్బ తగలాల్సింది దుబాయి పడవకు. తగిలింది కుంపటి ముందు కూర్చున్న కంసాలికి.

ఆ కంసాలి పని దగ్గరగా చూస్తేగానీ ఆ దెబ్బ అర్థం కాదు. కోస్తాలో కంసాలి, తెలంగాణలో అవుసలాయన. ఎవరైనా సామాను అదే: కుంపటి, ఊదుగొట్టం, మూస, పటకారు, ఆకురాయి, గీటురాయి, తూకానికి గురివింద గింజలు. ఇరవై రెండు క్యారెట్ల బంగారం మెత్తనిది. కమ్మచ్చులో ఒక్కో బెజ్జం దాటించి లాగితే దారంలా సాగుతుంది, తాత నేర్పిన చేతికి తెలిసిన మెత్తదనం అది. రాగి ఎక్కువ కలిసిన పద్నాలుగు క్యారెట్లది వేరే జాతి. లాగుతుంటే త్వరగా బిరుసెక్కుతుంది, మళ్ళీ మళ్ళీ కాల్చి చల్లార్చాలి. రంగు ఎర్రబారుతుంది. అతుకు వేయడానికి టంకం పాళ్ళు కూడా మార్చుకోవాలి. పెట్టుబడి లేని ఇంటి పనివాడికి, పక్క ఊళ్ళో నాలుగు కుటుంబాల పెళ్ళిళ్ళ మీద బతికేవాడికి, ఈ కొత్త విద్య నేర్పేదెవరు? నేర్చుకున్నా కొనేదెవరు? ఆ ఏడు దేశంలో పలుచోట్ల కంసాలులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పార్లమెంటులో గొడవైంది. వాళ్ళకు అప్పులిస్తాం, వేరే పనులు చూపిస్తాం, పిల్లల చదువులకు సాయం చేస్తామని ప్రభుత్వం పునరావాస పథకాలు పెట్టింది. తన చేతలవల్ల ఒక వృత్తి మొత్తానికి పునరావాసం కావలసి వచ్చిందని తెలిసిన తరవాత కూడా ఆజ్ఞను మాత్రం పూర్తిగా తీసెయ్యలేదు.

సడలింపులు మాత్రం వచ్చాయి. 1963 ఆగస్టులో, పార్టీ పని కోసం మంత్రులు పదవులు వదలాలన్న కామరాజ్ పథకం కింద మొరార్జీ పదవి వదిలారు, ఆయన కుర్చీలోకి టి.టి.కృష్ణమాచారి వచ్చారు. సర్టిఫికెట్ ఉన్న కంసాలి పాత నగలు కరిగించి, వాటి మేలిమి తగ్గించకుండానే కొత్తవి చేసుకోవచ్చన్నారు. 1966 చివరికి పద్నాలుగు క్యారెట్ల ఆంక్షే పోయింది. ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ 1967లో మొరార్జీ ఉపప్రధానిగా మళ్ళీ ఆర్థికశాఖకే వచ్చారు. మరుసటి ఏడు బంగారం నియంత్రణ చట్టం వచ్చింది. 1968 నాటి ఆ చట్టం 22 ఏళ్ళు బతికింది. అది వచ్చేనాటికే యుద్ధం ముగిసి ఆరేళ్ళు.

ఈ చట్టంలో క్యారెట్ల ఆంక్ష లేదు. దానికి బదులు ఒక మాట ఉంది: ప్రాథమిక బంగారం. కడ్డీ, దిమ్మ, గుళ్ళు, రేకు, తీగ, అసలు పూర్తికాని రూపంలో ఉన్న బంగారమేదైనా ఈ మాట కిందికే వస్తుంది. మామూలు మనిషి దాన్ని దగ్గర పెట్టుకోకూడదు.

చదివితే ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఒక పాత వంకీ చెరిపించి కూతురికి గొలుసు చేయించడం అనుకోండి. వంకీగా ఉన్నంతసేపూ అది నగ, చట్టానికి అభ్యంతరం లేదు. మూసలో కరిగిన క్షణం నుంచి అది ప్రాథమిక బంగారం. కడ్డీగా పోసినప్పుడూ, తీగ లాగినప్పుడూ, వలయాలు చుట్టినప్పుడూ అంతే. చివరి కొక్కెం అతికాక మళ్ళీ నగ. మధ్యలో పెళ్ళి సంబంధం తప్పిపోయి, ఆ కడ్డీ అలాగే ఇచ్చెయ్యి నాయనా, తరవాత చూద్దాం అని ఇంటామె అడిగితే, సొంత అమ్మమ్మ బంగారమే ఆమె కొంగున కట్టుకుని వెళ్ళడం నేరం. కంసాలికి సర్టిఫికెట్ ఉండాలి, రిజిస్టర్లు రాయాలి. అతని దగ్గర ఉండదగ్గ ప్రామాణిక కడ్డీ బంగారానికి హద్దు 100 గ్రాములు. కుటుంబం దగ్గర నగలు 4 కిలోలు దాటితే ప్రభుత్వానికి చెప్పుకోవాలి. (ఈ చివరిదానితో మనలో చాలామందికి ఇబ్బంది కలగలేదని ఊహించవచ్చు.)

తొమ్మిది క్యారెట్ల లోపుదాన్ని చట్టం అసలు బంగారంగానే లెక్కపెట్టలేదు. మచిలీపట్నం పక్కన చిలకలపూడి గిల్టు నగలవాళ్ళ జోలికి ఈ చట్టం రాకపోవడానికి కారణం అదే. నిజం బంగారం చేసేవాడికి రిజిస్టరు, బంగారంలా కనిపించేది చేసేవాడికి స్వేచ్ఛ.

వర్తకులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1969లో కోర్టు చట్టాన్ని మొత్తంగా నిలబెడుతూనే కొన్ని సెక్షన్లు కొట్టేసింది. అందులో ఒకటి చూడండి. లైసెన్సు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు అధికారి ఆ ప్రాంతంలో నగలకు ముందుముందు ఎంత గిరాకీ ఉంటుందో చూడాలట, ప్రజాప్రయోజనం చూడాలట. వచ్చే మాఘమాసంలో ప్రొద్దుటూరులో ఎన్ని కాసులపేర్లు అమ్ముడుపోతాయో ఆఫీసులో కూర్చున్న అధికారి చెప్పాలన్నమాట. ఈ మాటలకు అర్థం ఎవరికి తోచింది వారు చెప్పుకోవచ్చు, ఇది కుదరదంది కోర్టు. ఇంకో సెక్షన్ ప్రకారం బంగారం అమ్మడానికి వచ్చిన మనిషి ఎవరో వర్తకుడే నిర్ధారించుకోవాలి. అదీ పోయింది.

స్మగ్లరుకు మాత్రం ఏ సెక్షనూ అడ్డం పడలేదు. అతనికి సర్టిఫికెట్ అక్కర్లేదు, రిజిస్టరు అక్కర్లేదు. పది తులాల బిస్కెట్, అంటే 116 గ్రాముల చిల్లర, వరసగా జేబులు కుట్టిన జాకెట్లలో వచ్చేది. బిస్కెట్ అనే మాటకు తెలుగులో ఇంకో అర్థం పుట్టింది అప్పుడే. డెబ్భయ్యో దశకపు సినిమాల్లో విలన్ పెట్టె తెరిస్తే లోపల అవే మెరిసేవి. చట్టంతో ఆగనివాళ్ళ కోసం 1974లో ఇంకో చట్టం చేశారు: విచారణ లేకుండానే స్మగ్లరును ముందస్తుగా నిర్బంధించే కాఫిపోసా. నగ మేలిమి తగ్గించమని మొదలైన వ్యవహారం పదకొండేళ్ళలో మనిషిని కోర్టు మెట్లెక్కించకుండా జైల్లో పెట్టే దాకా వచ్చింది. బంగారం చట్టం పోయినా కాఫిపోసా మాత్రం ఇవాళ్టికీ ఉంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా గుచ్చుకునేది అదే.

బంగారం చట్టం పోయింది 1990 జూన్‌లో, వి.పి.సింగ్ ప్రభుత్వంలో. అప్పటి ఆర్థికమంత్రి మధు దండవతే. ఆయన ఒకప్పుడు, మొరార్జీ ప్రధానిగా ఉండగా, ఆ మంత్రివర్గంలోనే రైల్వేమంత్రి. మొరార్జీకి అప్పటికి 94 ఏళ్ళు.

తరవాతి ఏడాది జరిగింది ఎవరైనా కల్పించి రాస్తే నమ్మం. 1991 మేలో ఖజానాలో డాలర్లు అడుగంటాయి. ప్రభుత్వం 20 టన్నుల బంగారాన్ని స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండు బ్యాంకుకు పంపి సుమారు 20 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఆ 20 టన్నులు ఎక్కడివి? ఇన్నేళ్ళుగా స్మగ్లర్ల దగ్గర పట్టుకుని జప్తు చేసినవి. రానివ్వకూడదని పడవలు వెంటాడి పట్టుకున్న బంగారమే దేశాన్ని ఆ నెల గట్టెక్కించింది. జులైలో, పి.వి. ప్రధాని అయ్యాక, రిజర్వు బ్యాంకు సొంత నిల్వల్లోంచి ఇంకో 47 టన్నులు ఇంగ్లండుకు వెళ్ళాయి. కష్టకాలానికని బంగారం దాచుకోవడం మాన్పించాలని దాదాపు ముప్ఫయ్యేళ్ళు చూసిన సర్కారు, తనకు కష్టం వచ్చినప్పుడు బంగారమే కుదువపెట్టింది. 1992లో విదేశాల నుంచి తిరిగొచ్చే మనవాళ్ళు సుంకం కట్టి 5 కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. గల్ఫ్ నుంచి కడపకో కరీంనగర్‌కో వచ్చేవాడి పెట్టెలో బంగారం దొంగసొత్తు కాకుండా పోయింది.

ఈ మొత్తం కాలంలో కొనేవాళ్ళ అసలు బాధ ఒకటుంది. తల్లి బంగారమైనా కంసాలి రవ్వంత తియ్యక మానడని ఊళ్ళో సామెత. పాపం అందరూ అలాంటివాళ్ళు కారు. కానీ దుకాణంలో ఇచ్చింది ఇరవై రెండో పద్దెనిమిదో తేల్చుకునే దారి ఇంటామెకు లేదు. నీ దగ్గర ఎంతుంది అని ప్రభుత్వం 27 ఏళ్ళు అడిగింది. నీకు అమ్మింది ఎంత మేలిమి అని ఆమె తరఫున దుకాణాన్ని అడగలేదు. హాల్‌మార్క్ పథకం మొదలైంది 2000లో, అదీ ఇష్టమున్నవాళ్ళకు. చాలా జిల్లాల్లో తప్పనిసరి అయింది 2021 జూన్‌లో. అదీ నియంత్రణే. చిన్న దుకాణాలవాళ్ళు దాని ఖర్చూ జాప్యమూ చూసి గొణిగారు కూడా. నేను మాత్రం దాని పక్షమే. అది ఏం కొనాలో చెప్పదు, కొన్నదేమిటో చెబుతుంది.

ఇప్పుడు నగల దుకాణంలో వజ్రాల కౌంటరు దగ్గర నిలబడండి. ధర మండిపోతున్న ఈ రోజుల్లో కుర్రపిల్లలు అడిగి మరీ కొంటున్న సన్నని ఉంగరాలుంటాయి. రాయిని పట్టి ఉంచడానికి గట్టి లోహమే మేలని అమ్మకపుమనిషి చెబుతాడు. లోపలివైపు భూతద్దం పెట్టి చూస్తే ఆవగింజంత అక్షరాల్లో మేలిమి గుర్తు కనిపిస్తుంది: పద్నాలుగు క్యారెట్లు, 585. పక్క కౌంటరులో పుస్తెల ట్రే ఉంటుంది. అందులో అన్నీ 916.