శుక్లం, మోతియాబింద్

హైదరాబాద్ అత్తాపూర్‌లో అడ్రసంటే ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరే. ఆ అంకెలు మసకేసిన పెద్దవాళ్లను చూసి తెలుగిళ్లలో 'శుక్లం వచ్చింది' అంటారు, పక్కనున్న ఉర్దూ ఇళ్లలో 'మోతియాబింద్' అంటారు. శుక్లం అంటే తెలుపు. శుక్లపక్షంలో ఉన్నదీ ఈ మాటే. మోతీ అంటే ముత్యం. బాగా ముదిరిన శుక్లం కంటిపాపలో తెల్లగా కనబడుతుంది, రెండు పేర్లలోనూ ఆ తెలుపే ఉంది. ఇంగ్లీషు 'కేటరాక్ట్'కు మూలమైన లాటిన్ మాటకైతే జలపాతమని అర్థం.

'కంటికి పొర కమ్మింది' అనీ అంటారు. నిజానికి పైన పొరేమీ రాదు. కంటిపాప వెనకున్న కటకమే మసకబారుతుంది. అందుకే చుక్కల మందుకు అది పోదు.

'ముదరనీ, అప్పుడు తీయిద్దాం' అనే మాట మాత్రం ఇక వదిలేయాలి. పెద్ద కోతతో కటకం మొత్తాన్ని బయటికి తీసే కాలపు మాట అది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంట్లో కృత్రిమ కటకం అమర్చారు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో నలగ్గొట్టి పీల్చేసే ఫేకో పద్ధతి తెచ్చారు. ఇప్పుడు దానికి సుమారు 3 మిల్లీమీటర్ల కోత చాలు. మరీ ముదిరితే శుక్లం గట్టిపడి ఆ పనే కష్టమవుతుంది. అలాంటప్పుడు కాస్త పెద్ద కోతతో, సాధారణంగా కుట్లు లేకుండానే చేసే పద్ధతి ఉంది. ఖర్చు తక్కువ, చూపూ బాగా వస్తుంది. కంట్లో అమర్చే కటకంగా ఒకే దూరానికి సరిపోయే మోనోఫోకల్ లెన్సు వేయించుకుంటే చదవడానికి సాధారణంగా అద్దాలు కావాలి. మల్టీఫోకల్‌తో ఆ అవసరం తగ్గినా, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనబడొచ్చు.

మెహదీపట్నంలోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి అత్తాపూర్‌కు దగ్గరే. మీ ఇంట్లో పెద్దవాళ్లు మసక అంటుంటే ముదిరేదాకా ఆగకండి, తీసుకెళ్లి చూపించండి.