సంఘం షాట్

"గొంతులేని వాళ్లకు గొంతు ఇచ్చారు." ఈ వాక్యం ఎన్ని థీసిస్‌లలో, ఎన్ని ఎన్జీవో రిపోర్టుల్లో, ఎన్ని సన్మాన పత్రాల్లో చదివానో లెక్కలేదు. మా పిల్లలు పరీక్షల్లోనూ ఇదే రాస్తారు. వాడలో పుట్టినవాళ్లకు ఈ మాట మింగుడుపడదు. నాట్లప్పుడు పాట, పెళ్లిలో పాట, శవం దగ్గర శోకం, పంచాయితీలో తిట్టు. మన అమ్మలకు గొంతు ఎప్పుడు తక్కువైంది? లేనిది గొంతు కాదు. అచ్చు యంత్రం లేదు, రేడియో తరంగం లేదు, కెమెరా లేదు. ఏ ముక్క ఉంచాలో ఏ ముక్క కొయ్యాలో తేల్చే ఎడిటింగ్ బల్ల దగ్గర కుర్చీ లేదు.

మరి బాబాసాహెబే తన పత్రికకు 'మూక్‌నాయక్' అని పేరు పెట్టారు కదా, మూగవాళ్ల నాయకుడనే కదా అర్థం అని అడిగే మిత్రులున్నారు. ఆ పత్రిక 1920 జనవరి 31న మొదలైంది. దాని ప్రకటన వేయమని, డబ్బు కూడా కడతామని అడిగితే తిలక్ పెట్టిన 'కేసరి' వేయలేదు. మూగతనం ఎక్కడుందో ఆ ఒక్క సంగతిలోనే తెలుస్తుంది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టుకోవాల్సి రావడం వెనకా ఉన్నది అదే. అందుకే జనం చేతికి కెమెరా వచ్చిన చరిత్రను నేను సినిమా చరిత్రగా చదవను. మన పత్రికల చరిత్రకు కొనసాగింపుగా చదువుతాను.

కమ్యూనికేషన్ పాఠ్యపుస్తకాలు మాత్రం ఈ కథను కెనడా నుంచి మొదలుపెడతాయి. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఫోగో అనే దీవి ఉంది. చేపలు పట్టి బతికే జనం. అలాంటి ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని వేరే చోటికి తరలించే పథకం నడుస్తున్న కాలం. 1967లో నేషనల్ ఫిల్మ్ బోర్డ్ దర్శకుడు కోలిన్ లో, మెమోరియల్ యూనివర్సిటీ నుంచి డొనాల్డ్ స్నోడెన్ కలిసి అక్కడ 20కి పైగా చిన్న చిత్రాలు తీయించారు. తీసినదాన్ని ముందు ఆ జనానికే చూపించి, వాళ్లు సరేనన్నాకే బయటికి పంపారు. తర్వాత మంత్రులకు చూపించి, మంత్రి జవాబునూ చిత్రించి దీవికి తెచ్చారు. జాలర్లు సహకార సంఘం పెట్టుకున్నారు. దీవి ఖాళీ కాలేదు. మంచి పనే. కానీ కెమెరా పట్టుకున్నది ఫిల్మ్ బోర్డు వాళ్లే. మన దేశంలో 1984లో అహ్మదాబాద్‌లో 'సేవా' సభ్యులైన 20 మంది మహిళలకు మార్తా స్టువర్ట్ అనే అమెరికన్ వీడియో నేర్పింది. కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్లు కెమెరా పట్టుకోవడం అక్కడ మొదలైంది.

ఇక మన దగ్గరికి వద్దాం. జహీరాబాద్ పక్కన పస్తాపూర్. అప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో అక్కడ పని మొదలుపెట్టి ఊరూరా మహిళా సంఘాలు కట్టింది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు. కూలికి పోయినవాళ్లు, చారెడు చెలకలో జొన్న, కొర్ర, సామ పండించుకున్నవాళ్లు, విత్తనం దాచుకోవడం తెలిసినవాళ్లు. 1990ల చివరినాటికి వీళ్లలో కొందరి చేతికి వీడియో కెమెరా వచ్చింది. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది.

వాళ్లు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్ల దగ్గర కాసేపు ఆగాలి. మేం తెలుగు ఎంఏ క్లాసులో 'దృష్టికోణం' మీద వారాల తరబడి పాఠం చెప్తాం. ఎక్కడెక్కడి సిద్ధాంతకర్తల పేర్లో బోర్డు మీద రాస్తాం. బడి మొహం చూడని ఈ అక్కలు ఆ పాఠాన్ని రెండు మాటల్లో తేల్చేశారు. ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో కెమెరా పెడితే అది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసే కోణాల్లో వాళ్లకు దొర, జీతగాడు కనపడ్డారు. అందుకే వాళ్ల మాటల్లోకి 'పటేల్ షాట్' వచ్చింది. పటేల్ గద్దె మీద ఉంటే కింద నేల మీద కూర్చుని మాట్లాడిన అనుభవం లేనివాడికి ఆ పేరు తట్టదు. ఫిల్మ్ స్కూల్లో హై యాంగిల్, లో యాంగిల్ అని కొలతగా మాత్రమే చెప్పేదాన్ని వాళ్లు కులంగా, కూలిగా చదివారు. నా మటుకు నాకు ఇది తెలుగులో పుట్టిన అసలైన సౌందర్యశాస్త్రం. మన విమర్శకులు దీన్ని పట్టించుకోకపోవడంలో నాకు వింతేమీ లేదు.

ఆ కెమెరా ఏం చేసిందంటే, 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇవ్వగానే ఈ మహిళలు వరంగల్ వెళ్లారు. ఒక్కరోజు వెళ్లి బైట్లు తీసుకుని రాలేదు. విత్తిన దగ్గర్నుంచి ఏరే దాకా ఆ సీజనంతా అదే రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకంత కోపమని అడిగే ఆ సినిమా 2003లో వచ్చింది. దేశదేశాల్లో ఆడింది. 2005లో మూడేళ్ల అనుభవం మీద ఇంకొకటి తీశారు. అదే ఏడాది మహికో కంపెనీ మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. సినిమా వల్లే జరిగిందని నేననను, రైతు సంఘాల పోరాటం చాలా ఉంది. పైగా ఆ తర్వాత మన పత్తి చేలన్నీ బీటీకే మారిపోయాయి. సినిమా గెలవలేదు. కానీ కంపెనీ లెక్కకు ఎదురుగా చేనులో నిలబడి రాసిన ఇంకో లెక్క మిగిలింది. రాసింది వ్యవసాయ శాస్త్రవేత్తలు కాదు, కలుపు తీసిన చేతులు.

రేడియో కథ ఇంకా చేదు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న చెప్పింది. తీర్పు క్రికెట్ ప్రసారాల తగాదాలో వచ్చింది కానీ మాట మాత్రం అందరిదీ. ఆ మాటను నమ్మి కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో 'మన రేడియో' మొదలుపెడితే, లైసెన్సు లేదని కొన్ని నెలలకే అధికారులు మూయించారు. జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో స్టూడియో సిద్ధంగా ఉంది, మనుషులు సిద్ధంగా ఉన్నారు, అనుమతి లేదు. ఏళ్ల తరబడి కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో టేప్‌రికార్డర్ పెట్టి వినిపించారు. గాలిలోకి పోవాల్సిన మాట చేతిసంచిలో ఊరూరు తిరిగింది.

2004లో అన్నా యూనివర్సిటీకి క్యాంపస్ రేడియో వచ్చింది. చదువుకున్నవాళ్లకు ముందు, పల్లెకు తర్వాత. స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది 2006 నవంబర్ విధానం. 2008 అక్టోబర్ 15న, ఐక్యరాజ్యసమితి మొదటిసారి గ్రామీణ మహిళా దినం జరిపిన రోజున, 'సంఘం రేడియో' 90.4 మీద పలికింది. ప్రారంభించింది 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి.సావంత్. నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. ప్రసారం సాయంత్రం 7 నుంచి 9 దాకా. ఎందుకంటే వినేవాళ్లు పొలం నుంచి వచ్చి పొయ్యి ముట్టించేది అప్పుడే. ఆకాశవాణి వార్తల తెలుగు వేరు, ఈ తెలుగు వేరు. కన్నడం, ఉర్దూ కలిసి పారే జహీరాబాద్ మాట అది. అచ్చు పుస్తకంలో దాన్ని 'మాండలికం' అంటారు. రేడియోలో అదే భాష.

కానీ ఆ 2006 విధానంలో ఒక గీత గీశారు. కమ్యూనిటీ రేడియోలో వార్తలు, వర్తమాన రాజకీయాలు చెప్పకూడదు. పాట పాడుకోవచ్చు, విత్తనం గురించి చెప్పుకోవచ్చు, పిల్లల జ్వరానికి ఏ ఆకు నూరాలో చెప్పుకోవచ్చు. నిన్న మండల ఆఫీసులో ఏం జరిగిందో వార్తగా చెప్తే నేరం. సంస్కృతి మీది, సమాచారం మాది అని రాజ్యం పంచిన వాటా ఇది. ఊళ్లో డప్పు కొట్టమని పిలిచి పంచాయితీలో కూర్చోనివ్వకపోవడం మనకు కొత్త కాదు కదా.

సంస్థ గురించి కూడా అడగాల్సింది అడుగుదాం. సంఘాల్లో దళిత మహిళలు, దశాబ్దాల పాటు డైరెక్టర్ కుర్చీలో మాజీ దూరదర్శన్ ప్రొడ్యూసర్ పి.వి.సతీష్. 2023లో ఆయన చనిపోయినప్పుడు నివాళులు చాలా వచ్చాయి, రావాల్సినవే. ఆయన లేకుండా ఆ కెమెరా అక్కడికి వచ్చేది కాదు. అయినా సినిమాలు తీసిన, రేడియో నడిపిన మహిళల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఎన్జీవో చెట్టు నీడలో పెరిగిన మీడియా ఆ చెట్టు లేకుండా ఎండకు నిలబడుతుందా అనేది నన్ను తొలిచే ప్రశ్న. జవాబు చెప్పాల్సింది జహీరాబాద్ అక్కలే, నేను కాదు.

ఇంకొకరి కెమెరా ఎంత ప్రేమగా చూసినా ఏమవుతుందో బుందేల్‌ఖండ్ చెప్పింది. 2002లో చిత్రకూట్‌లో మొదలైన 'ఖబర్ లహరియా'ను దళిత మహిళలు ముందుండి నడిపారు. వాళ్ల మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. దేశమంతా చప్పట్లు. 2022 మార్చిలో, అవార్డుల వేడుకకు కొద్దిరోజుల ముందు, ఖబర్ లహరియా ఒక ప్రకటన ఇచ్చింది. మేం ఒకే పార్టీ వెంట పడి వార్తలు రాసేవాళ్లలా సినిమా చూపించింది, మా పని అంత మాత్రమే కాదు, ఇది మా పూర్తి కథ కాదు అని దాని సారాంశం. ఎర్ర తివాచీ ముందు నిలబడి ఆ మాట అనడానికి ఎంత తెగువ కావాలి! గొంతు ఎవరో ఇచ్చి ఉంటే, ఇచ్చినవాళ్ల సినిమా మీద ఈ అభ్యంతరం వచ్చేది కాదు.

వచ్చే భాగంలో భాగ్యరెడ్డి వర్మ పత్రిక దగ్గరికి వెళ్దాం.