విద్యార్థి సంఖ్య – వ్యక్తిగత గోప్యత: ఒక చారిత్రక పరిశీలన

బడిలో చేరిన ప్రతి పిల్లవాడికీ ఒక సంఖ్య ఉంటుంది. అడ్మిషన్ నంబరు, రోల్ నంబరు, హాల్ టికెట్ నంబరు, ఆధార్, ఇప్పుడు ఆపార్. ఈ పాఠం చదువుతున్న మీలో ఉపాధ్యాయులు ఉంటే, గత రెండు మూడేళ్లలో ఆపార్ వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి ఎన్ని సాయంత్రాలు ఖర్చయ్యాయో మీకే తెలుసు. సంఖ్య పిల్లవాడికి రక్షణా, ప్రమాదమా అన్నది ఇక్కడ మనం పరిశీలించవలసిన ప్రశ్న. చరిత్రలో రెండింటికీ ఉదాహరణలున్నాయి. తేడా సంఖ్యలో లేదు. దానికి ఏయే వివరాలు ముడిపెట్టారు, ఆ ముడి విప్పి చూసే అధికారం ఎవరికిచ్చారు అన్న చోట ఉంది.

బీరువాలోని రిజిస్టరు

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేవరకు ఇక్కడి బడులు మద్రాసు ప్రభుత్వ పద్ధతుల ప్రకారమే నడిచాయి. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ మనకు ఆ పాలన నుంచి వచ్చిన ఆస్తులే. రిజిస్టరులో వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు ఉండేవి. ఆ సంఖ్య ఆ బడి గోడల మధ్య మాత్రమే చెల్లేది. పిల్లవాడు పలమనేరు బడి వదిలి తిరుపతి బడిలో చేరితే పాత సంఖ్య అక్కడే ఆగిపోయేది, టీసీలోని నాలుగు వివరాలు మాత్రం వెంట వచ్చేవి. గోప్యతను కాపాడే చట్టమేదీ అప్పట్లో లేదు. కాపాడింది ప్రధానోపాధ్యాయుడి బీరువా తాళం, అంతే.

అలాగని ఆ కాలాన్ని మరీ పొగడనవసరం లేదు. స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజున ‘ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి’ అనడం మీలో చాలామంది విని ఉంటారు, కొందరు లేచి నిలబడి కూడా ఉంటారు. రిజిస్టరు బీరువాలో భద్రంగానే ఉంది, కాని అందులోని కులం గడి తరగతి గది మధ్యకు వచ్చేసింది. పేర్లకు బదులు సంఖ్యలతో ఆ జాబితా తయారుచేసి, పిల్లల్ని ఒక్కొక్కరిగా ఆఫీసు గదికి పిలిచి సంతకాలు తీసుకుని ఉంటే ఎవరూ నిలబడవలసిన పని లేదు.

సంఖ్య పిల్లల పరువు కాపాడిన సందర్భం ఒకటుంది. పదో తరగతి ఫలితాలు దినపత్రికల్లో వచ్చిన కాలం గుర్తు తెచ్చుకోండి. పేజీల నిండా చిన్న అక్షరాల్లో హాల్ టికెట్ నంబర్లు మాత్రమే ఉండేవి. పేరు లేదు, మార్కులు లేవు. నంబరు కనిపించకపోతే ఆ సంగతి పిల్లవాడికీ, ఇంట్లోవాళ్లకూ, ఆ నంబరు తెలిసిన ఇద్దరు ముగ్గురికీ మాత్రమే అర్థమయ్యేది. ఊరంతటికీ ఒకే పత్రిక, కాని ఎవరి రహస్యం వారిదే. గోప్యత కోసం ఆలోచించి చేసిన ఏర్పాటు కాదిది, అచ్చు కాగితం ఆదా కోసం చేసి ఉంటారని నా అనుమానం. అయినా నేటి సాంకేతిక నిపుణులు ‘మారుపేరు పద్ధతి’ అని చెబుతున్నది సరిగ్గా ఇదే.

ఫలితాలు ఇంటర్నెట్‌కు మారాక ఆ తెర తొలగింది. హాల్ టికెట్ నంబర్లు వరుసగా ఉంటాయి కదా! మీ అమ్మాయి నంబరుకు ఒకటి కలిపి కొడితే పక్క బెంచీ అమ్మాయి పేరు, సబ్జెక్టులవారీ మార్కులు తెర మీదకు వస్తాయి. కాబట్టి గోప్యత కావాలంటే వరుస సంఖ్య పనికిరాదు. క్రమం లేని సంఖ్య కావాలి, లేదా సంఖ్యతో పాటు ఆ విద్యార్థికి మాత్రమే తెలిసిన మరో వివరం అడగాలి. పుట్టిన తేదీ అందుకు చాలదు. అది తరగతిలో అందరికీ తెలుసు.

మరో రకం రిజిస్టరు

చిత్తూరు జిల్లా పుట్టిన 1911లోనే బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్ని సవరించి దేశమంతటికీ వర్తింపజేసింది. మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వంటి సమాజాలు దాని కిందకు వచ్చాయి. ప్రకటించిన తెగకు చెందినవారి పేర్లు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకునేవారు. పోలీసుల ముందు హాజరు వేయించుకోవడం, ఊరు దాటితే చెప్పడం తప్పనిసరి చేయవచ్చు. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని వేరుచేసి సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఇక్కడ బడి, పోలీసు రిజిస్టరు ఒకే చేతిలోకి వచ్చాయన్నది గమనించండి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అలవాటు పడ్డ నేరస్థుల పేరిట నిఘా మాత్రం వేరే చట్టాల్లో మిగిలింది.

ఆ నిఘాపై ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరింది ఉత్తరప్రదేశ్ నుంచి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ అనే వ్యక్తి పేరిట పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి, రాత్రివేళ ఇంటి తలుపు తట్టేవారు. 1962 డిసెంబరు 18న వచ్చిన తీర్పులో మెజారిటీ న్యాయమూర్తులు రాత్రి తనిఖీలను కొట్టివేశారు గాని, రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదన్నారు. జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ జె.సి. షాతో కలిసి విభేదించారు. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ, వెంబడించే కన్ను ఉన్నచోట మనిషి స్వేచ్ఛగా తిరగలేడనీ ఆయన వాదన సారాంశం. రాజమండ్రిలో పుట్టిన ఈ న్యాయమూర్తి 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైనప్పుడు దాని కులపతి. మన విద్యార్థుల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

ఆ మైనారిటీ అభిప్రాయం 55 సంవత్సరాలు వేచి ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. సుబ్బారావు మాటే నిలిచింది.

గీత ఎక్కడ గీయాలి?

ఆ తర్వాత 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పు వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు హక్కు గనుక బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చేయరాదని కోర్టు చెప్పింది. ఆధార్ లేదన్న కారణంతో ఏ పిల్లవాడికీ పథకం ఆపరాదు, పిల్లల ఆధార్ నమోదుకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి.

సంఖ్యలు ఎలా పెనవేసుకుంటాయో చూడాలంటే మన చిత్తూరే చాలు. 2020 జనవరి 9న అమ్మఒడి పథకం ఇక్కడే ప్రారంభమైంది. పిల్లల్ని బడికి పంపే పేద తల్లి ఖాతాలో సంవత్సరానికి 15,000 రూపాయలు. మంచి పథకమే. అయితే అర్హత తేల్చడానికి పిల్లవాడి హాజరు, తల్లి ఆధార్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు ఒకదానితో ఒకటి కలిశాయి. తర్వాతి సంవత్సరాల్లో నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం కూడా అనర్హతకు కారణమైంది. ఏడో తరగతి పిల్లవాడి పేరు పక్కన ఇంటి కరెంటు బిల్లు చేరింది! డబ్బు దుర్వినియోగం కాకూడదన్న ప్రభుత్వ వాదనలో బలముంది. కాని ఆ పరిశీలన బడి బయట జరగవచ్చు. ‘అర్హులు’, ‘కాదు’ అన్న ఒక్క జవాబు తప్ప ఉపాధ్యాయుడికి మరేమీ తెలియనవసరం లేదు.

ఇక ఆపార్. 2020 జాతీయ విద్యా విధానం వెలుగులో వచ్చిన 12 అంకెల సంఖ్య ఇది. చదువంతటి రికార్డునూ ఒకేచోట చేర్చి డిజిలాకర్‌కు అందిస్తుంది. దీని ప్రయోజనాన్ని తక్కువ చేయలేము. కుప్పం వైపు నుంచి పనుల కోసం బెంగళూరుకు వెళ్లే కుటుంబాల పిల్లలు బడి మానేశారా, మరో బడిలో చేరారా అన్నది పాత టీసీ పద్ధతిలో తేలేది కాదు. పలమనేరులో ఆగిపోయే సంఖ్యకు ఉన్న లోపం అదే, దానికున్న రక్షణా అదే. ఆపార్‌కు తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి కావాలి. కాదనే వీలూ ఉంది. ఇన్ని రోజుల్లో నూరు శాతం పూర్తి చేయాలని లక్ష్యాలు పెట్టినచోట ఆ సమ్మతి ఎంత నిజమైనదో మీరే ఆలోచించండి. ఫారం మీద సంతకం అడిగేటప్పుడు ‘ఇవ్వకపోయినా మీ బిడ్డ చదువు ఆగదు’ అన్న ఒక్క వాక్యం చెప్పడం ఉపాధ్యాయుడి చేతిలో ఉన్న పని.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి వివరాలు వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి, వారిని వెంబడించి గమనించడం కూడదు. విద్యాసంస్థలకు చదువు పనుల మేరకు, పిల్లల భద్రత మేరకు మినహాయింపులు ఇచ్చారు. తరగతి వాట్సాప్ గ్రూపులో పేరు, ఆధార్, కులం, ఫోన్ నంబరుతో కూడిన ఎక్సెల్ షీటు పెట్టి ‘తప్పులుంటే చెప్పండి’ అనడం చదువు పని అనిపించుకోదు. ఎవరి వరుస వారికే పంపవచ్చు. సంఖ్య–పేరు జత చేసిన పట్టికను మార్కుల పట్టిక నుంచి వేరుగా, ఒకరిద్దరి అధీనంలో ఉంచవచ్చు. ఇది ఆ పాత బీరువా తాళమే.

పేర్లు తీసేస్తే చాలునని కూడా అనుకోవద్దు. సూళ్లూరుపేట వైపు ఒక యానాది కాలనీ బడి నుంచి పంపిన నివేదికలో ‘ఏడో తరగతి, ఎస్టీ, బాలిక, దివ్యాంగురాలు – 1’ అని ఉందనుకుందాం. అందులో పేరు లేదు, సంఖ్య లేదు. ఆ మండలంలో ఆమె ఎవరో తెలియనివారు మాత్రం ఎందరుంటారు?