ఇంటి ముందు పడవ

కళింగపట్నం గురించి రాసేవాళ్ళు దీపస్తంభంతో మొదలుపెడతారు. తరవాత పాత రేవు, స్టీమర్లు, దర్గా, వంశధార సముద్రంలో కలిసే చోటు. అవన్నీ మా ఊరికి గర్వకారణాలే, కాదనను. కానీ ఓడలొచ్చిన ఆ కాలంలో రేవు భారమంతా మోసినవి ఒడ్డునున్న చిన్న పడవలు. ఆ పడవల్ని ఏటేటా విప్పి, ఎండబెట్టి, మళ్ళీ కట్టి నీళ్ళలోకి దింపినవి పేటల్లోని ఇళ్ళు. ఆ పని మా ఊరి చరిత్రలోకి ఎక్కలేదు. అందుకే దాని గురించి రాస్తున్నాను.

మా దగ్గర స్టీమరు ఒడ్డుకి వచ్చేది కాదు. దూరాన లంగరు వేసుకుని నిలబడేది. సరుకైనా మనిషైనా కెరటాలు దాటి పడవలో వెళ్ళి ఎక్కాల్సివచ్చేది. రంగూను వలసల రోజుల్లో కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో బర్మా ఓడ ఎక్కిన కూలీజనమంతా ముందు ఎక్కింది ఈ పడవలే. కెరటాల పోటుకి మేకులు కొట్టిన పడవ ఆగదు. ఇసుకని గుద్దుకున్న ప్రతిసారీ మేకు దగ్గర చెక్క చీలుతుంది. కనకనే కోరమాండల్ తీరం పొడవునా కుట్టు పడవ నడిచింది. మసూలా పడవ అని ఇంగ్లీషు దొరలు రాసుకున్నది దీన్నే. ఇందులో ఇనుము ముక్క ఉండదు, లోపల ఆనుడు కర్రలూ ఉండవు. మామిడి పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, అతుకు మీద గడ్డినో పీచునో పరిచి, కొబ్బరి తాడుతో బిగలాగి కుడతారు. కెరటం కొడితే పడవ ఒళ్ళంతా కాస్త కదిలి ఆ దెబ్బని పంచుకుంటుంది. నీరు ఊరుతుంది, దాన్ని తోడిపోస్తూనే ఉంటారు.

ఉప్పునీటిలో తాడు ఎక్కువకాలం నిలవదు. తాడు చివికితే కుట్టు విప్పుతారు. విప్పినప్పుడు ప్రతి పలకా చేతికొస్తుంది, రెండు వైపులా చూడొచ్చు, గోటితో గిల్లొచ్చు. మెత్తబడ్డ పలక ఒక్కటే మారుస్తారు, మిగతావి మళ్ళీ కుడతారు. చేతిలో డబ్బులేని ఇల్లు కూడా పడవని నిలబెట్టుకోగలిగింది ఇందువల్లే. ఏడాదికో పలక, కొంత తాడు, పురుగు పట్టకుండా పూయడానికి చేపనూనె, కుట్టడానికొచ్చిన నలుగురికీ భోజనం, అంతే ఖర్చు. పలాస చుట్టుపక్కల జీడి పరిశ్రమ ఉంది కాబట్టి జీడితొక్క నూనె కూడా మనకి దగ్గరే. చెక్కకి మంచి కాపు అది, కానీ ఒంటి మీద పడితే పొక్కులొస్తాయి. గుడ్డ చుట్టిన కర్రతో రాయాలి.

వేటకి మాత్రం తెప్పే. తమిళనాడు వైపు తెప్ప దుంగల్ని తాళ్ళతో కడతారు. మన ఉత్తర తీరంలో దుంగల్ని కర్ర చీలలతో బిగించి, రెండు సగాలుగా చేసి, వేటకి వెళ్ళేముందు ఆ రెండిటినీ జోడించి కట్టేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ మన దేశపు పడవల నిర్మాణం మీద 1920లో అచ్చువేసిన పుస్తకం ఈ సంగతులు తెలుసుకోవాలనుకునేవాళ్ళకి నేటికీ పనికొస్తుంది. తెప్పలోని తేలిక కర్ర నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. ఒడ్డుకొచ్చాక విప్పి ఎండలో పరిస్తే మళ్ళీ తేలికవుతుంది. విప్పడం, ఆరబెట్టడం, కట్టడం అప్పట్లో తెప్పకి రోజువారీ పనే.

రానురాను తెప్పకి పెద్ద దుంగలు దొరకడం కష్టమైంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన పథకం, ఆంధ్ర తీరంలోనూ ఒడ్డుకి లాగగలిగే కొత్త రకం పడవల్ని పరీక్షించింది. 1990లు దాటాక ఫైబరు తెప్ప వచ్చింది, దానికి బయట తగిలించే ఇంజను వచ్చింది. ఇవాళ చింతపల్లి నుంచి డొంకూరు దాకా ఎక్కడ చూసినా అదే. తేలిక, వేగం, పురుగు పట్టదు. జనం దాన్ని మెచ్చి తీసుకున్నారు, సరిగ్గానే తీసుకున్నారు.

తేడా వచ్చింది మరమ్మతులో. ఫైబరు తెప్ప విప్పడానికి వీల్లేదు. కడుపులో థర్మోకోల్ నింపి మూసేసిన పెట్టె అది. పైన నలుసంత పగులు పడితే నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవలకి వేట నిషేధం. ఆ రోజుల్లో పేటల్లో ప్రతి ఇంటి ముందూ ఒక తెప్ప తిరగేసి ఉంటుంది. మా బావ పోయిన వేసవిలో ఒక పాత తెప్ప కొన్నాడు. రంగు నిగనిగలాడుతోంది. పేటలో పెద్దాయన ఒకాయన వచ్చి రంగు వైపు చూడనే లేదు. నలుగురిని పిలిచి ఒక కొస ఎత్తమన్నాడు. లేవలేదు. వేలి కణుపుతో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్ళాడు. కొంత దూరం టంగుమంది. వెనక భాగంలో ఒకచోట మొద్దుగా పలికింది. "ఇక్కడుంది బాబూ నీరు. ముందు దీన్ని ఏడిపించండి, మందు సంగతి తరవాత సూద్దుం" అన్నాడు.

పల్లపు కొసన చిన్న బెజ్జం వేసి, తెప్పని ఏటవాలుగా పెట్టి వదిలేశాం. రోజుల తరబడి చుక్కచుక్కగా ఉప్పునీరు కారింది. మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, తరవాతే పగులు ముట్టుకున్నాం. పగులు మీద నేరుగా రెసిన్ మందు పులిమితే ఆర్నెల్లలో ఊడొస్తుంది. ఫైబరు మందం ఎంతో దానికి పన్నెండు రెట్ల వెడల్పున చుట్టూ వాలుగా అరగదీయాలి. అయిదు మిల్లీమీటర్ల మందానికి ప్రతి వైపూ ఆరు సెంటీమీటర్లు. ఆ పొడి ఒంటికి దురద, ఊపిరితిత్తులకి హాని. ముక్కుకి మంచి మాస్కు కట్టుకోకుండా ఈ పనికి దిగకూడదు. ఆ తరవాత అసిటోన్‌తో తుడిచి, గాజుపీచు మ్యాట్ ముక్కల్ని చిన్నదాని మీద పెద్దదిగా పరుస్తూ, రెసిన్ పట్టించి, గాలి బుడగ మిగలకుండా రోలరుతో నొక్కాలి. కిలో రెసిన్‌కి హార్డెనర్ పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు. మే ఎండలో డబ్బాలోనే గట్టిపడిపోతుంది కనక పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. హార్డెనర్‌నీ, రెసిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే కోబాల్ట్ మందునీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు, పేలుతుంది. ముందు రెసిన్‌లో ఒకటి బాగా కలిపాకే రెండోది. పిల్లలు తిరిగే వాకిట్లో చేసే పని, ఈ మాట ప్రతి ఇంటికీ తెలియాలి.

డబ్బు తక్కువైనవాళ్ళు రెసిన్, మ్యాట్ దగ్గర పొదుపు చెయ్యొద్దు. రంగు తరవాత వేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కాగితాలు లేని తెప్ప చవగ్గా వస్తోందంటే తీసుకోవద్దు. డీజిలు రాయితీకైనా తుఫాను పరిహారానికైనా కాగితమే ఆధారం. 2014 హుద్‌హుద్‌కీ 2018 తిత్లీకీ పడవలు నష్టపోయిన తీరం మనది.

ఒక పద్ధతి చూస్తే మాత్రం నాకు బాధ. మిగిలిన కొద్దిపాటి చెక్క పడవలకి ఆయుష్షు పెంచుదామని పైన ఫైబరు తొడుగు వేయిస్తున్నారు. తడి చెక్క మీద పాలియెస్టరు రెసిన్ సరిగా పట్టదు. పట్టినా లోపలి తేమకి దారి ఉండదు. పైకి గట్టిగా కనబడుతూనే లోపల చెక్క పొడైపోతుంది. పాత చెక్కని నీడన ఆరబెట్టి, కుళ్ళినంతమేర తీసేసి, కొత్త ముక్క అతికి, నూనె పెట్టడమే దానికి మేలు. ఖర్చూ తక్కువే.

చిన్న పడవ సొంతంగా నిలబడితే మనిషి ఊళ్ళో నిలబడతాడు. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉండి కూడా మన కుర్రాళ్ళు గుజరాత్‌లో వెరావల్ దాకా పోయి పెద్ద పడవల్లో కూలికి చేరుతున్నారు. అలా వెళ్ళినవాళ్ళే, డి.మత్స్యలేశం, తిప్పలవలస లాంటి ఊళ్ళవాళ్ళు, 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. 2025లో వచ్చిన తండేల్ సినిమా వాళ్ళ కథే. ఒడ్డున సౌకర్యాలు లేవు, చేపలు తగ్గాయి, కారణాలు చాలా ఉన్నాయి. బాగుచేయక మూలన పడ్డ తెప్ప కూడా అందులో ఒకటి. ఇంటి మగవాడు వెరావల్‌లో ఉంటే తెప్ప ఎవరు తిరగేస్తారు?

ఫైబరు పని కుర్రాళ్ళకి వచ్చు. కుట్టు పని తెలిసిన చేతులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. బావ తెప్పని తట్టి చూసిన పెద్దాయనవి అందులో ఒక జత. ఈ వేట నిషేధం రోజుల్లో ఆయన చేత రెండు మామిడి పలకలైనా కుట్టించి, బెజ్జానికీ బెజ్జానికీ ఎంత దూరమో, అతుకు మీద ఏం పరుస్తారో, ముడి ఎక్కడ వేస్తారో ఫోనులో వీడియో తీసి పెట్టాలని బావా నేనూ అనుకున్నాం. పలకలు దొరికాయి. నైలాను తాడు తెస్తే ఆయన ఒప్పుకోలేదు, అది తడిసి ఉబ్బదు, బెజ్జం మూసుకోదు అన్నాడు. ఉద్దానంలో కవిటి వైపు పీచు తాడు పేనేవాళ్ళని అడిగి చూస్తున్నాం.