రంగు కోసం తెచ్చిన పురుగు

కీటకాలను రైతు మిత్రులు, రైతు శత్రువులు అని విడదీసి చెప్పడం మీరు పాఠ్యపుస్తకాలలో చూసే ఉంటారు. చరిత్రలోకి వస్తే ఈ విభజన అంత తేలికగా నిలవదు. కాచినీల్ పురుగునే తీసుకోండి.

ఇది నాగజెముడు జాతి మొక్కల రసం పీల్చి బతుకుతుంది. మన లక్క పురుగుకు దూరపు బంధువు. ఆడ పురుగుకు రెక్కలుండవు. తెల్లని దూదిలాంటి మైనం కప్పుకొని మట్టకు అంటుకొని ఉంటుంది. నలిపితే చిక్కని ఎరుపు. మెక్సికో నుంచి వచ్చే ఈ రంగు వ్యాపారం చాలాకాలం స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. సైనికాధికారుల ఎర్రకోట్లకు అదే రంగు కావలసిన ఇంగ్లీషువారికి ఇది మింగుడుపడలేదు. అందుకే మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో నాగజెముడు తోట పెంచాడు. పురుగు రాకముందే దానికి మేత సిద్ధమైందన్నమాట!

1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగును కలకత్తాకు తెచ్చాడు. తీరా చూస్తే అది అసలు కాచినీల్ కాదు, దాని అడవి జాతి. రంగు నాసిరకం కావడంతో వ్యాపారం సాగలేదు. పురుగు మాత్రం ఒక రకం నాగజెముడును ఉత్తరాదిలో చాలాచోట్ల తుడిచిపెట్టింది. రంగు వ్యాపారికి పనికిరాని పురుగు ఇలా కలుపు నివారణకు పనికొచ్చింది. 1836-38 మధ్య దానిని ఆ పనికే దక్షిణాదికి తెచ్చారు. కలుపు మొక్క మీదికి కీటకాన్ని వదలడంలో ప్రపంచంలోని తొలి ప్రయత్నాలలో ఇదొకటి.

అయితే ఆ పురుగు తినేది ఆ ఒక్క రకాన్నే. మద్రాసు రాజధానిలో పచ్చిక బీళ్లను, పొలం గట్లను ఆక్రమించిన గట్టి ముళ్ల రకం జోలికి అది పోలేదు. దానికోసం 1926లో సింహళం నుంచి డాక్టిలోపియస్ ఒపన్షియే అనే మరో జాతిని రప్పించారు. పురుగు పట్టిన మట్టను పొదలో వేస్తే చాలు, పిల్ల పురుగులు పాకి, గాలికి కొట్టుకుపోయి పక్క పొదలకు చేరతాయి. కొన్నేళ్లలో బీళ్లు బయటపడ్డాయి. పశువుల కాపరికి ఇది మేలే. కానీ ఆ పొదనే కంచెగా నమ్ముకున్న రైతు సంగతేమిటి? కరువులో ముళ్లు కాల్చి పశువులకు మేపింది కూడా నాగజెముడునే.

ఇదే డాక్టిలోపియస్ ఒపన్షియే 2014లో మొరాకోలో కనిపించింది. అక్కడ నాగజెముడు కలుపు కాదు, పండ్ల కోసం, పశువుల మేత కోసం పెంచే పంట. పురుగు పట్టిన తోటలను పెరికించి నాశనం చేయించవలసి వచ్చింది.