మన్యపు బిడ్డల జన్మపత్రిక

మైదానమున నుండు మన యిండ్లలో బిడ్డ పుట్టిన వెంటనే గడియారము చూచుట యాచారము. ఘడియ విఘడియలతో జన్మకాలము వ్రాయించి, పసుపు పూసిన యా కాగితమును పెట్టె యడుగున భద్రపఱతుము. బిడ్డ యెంత బరువుతో పుట్టెనో యా పత్రికలో నెక్కడను కానరాదు. అరకులోయలో వయసు మీఱినవారిని పుట్టినదిన మడిగినచో, ఇటుకలపండుగకు ముందనియో, కొఱ్ఱకొత్తకు తరువాత ననియో చెప్పుట కలదు. గ్రహముల నెఱిగినవారికిని ఎఱుగనివారికిని లోపించిన యంకె యొక్కటే.

ఆ యంకెకు విలువ యేమి యని యడుగువారికి ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైరు కథ చెప్పవలసియున్నది. 1911 ప్రాంతమున ఆ మండలపు మంత్రసానులపై తనిఖీ యధికారము వహించిన ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అను నామె, పుట్టిన ప్రతిబిడ్డను తూచి వ్రాయుడని కట్టడి చేసెను. దాదులు ఏడాదిపాటు ఇంటింటికి పోయి చూచుచు, ఏడు నిండిననాటి తూకమును గూడ నదే పుస్తకమున నెక్కించిరి. వారి తాపత్రయ మంతయు నాటి బిడ్డ బ్రదుకుటకే. ఎన్నో యేండ్ల తరువాత నా పుస్తకముల నెవరో తెఱతురని వారెఱుగరు. డేవిడ్ బార్కరు అను వైద్యుడు సహచరులతో గూడి వానిని తెఱచెను. 1911 మొదలు 1930 వఱకు పుట్టిన 5,654 మంది పురుషుల లెక్క సరిచూడగా, పుట్టుకనాడును ఏడాదినాడును తక్కువ తూగినవారిలోనే గుండెజబ్బు మరణములు హెచ్చుగా గానవచ్చెను. 1989లో ఈ ఫలితము వెలువడెను. తక్కువ తూగిన ప్రతివాడును రోగి యగునని దీని యర్థము కాదు. కాని నడివయసువాని తిండిని, పొగచుట్టను మాత్రమే తప్పుపట్టుచుండిన వైద్యులు తల్లిగర్భమువైపు తిరిగి చూడవలసివచ్చెను.

గర్భమునకు తల్లి యాహారరసము కారణమని చరకసంహిత శారీరస్థానము ఏనాడో చెప్పినదని మనలో కొందఱు సంతసింపవచ్చును. చెప్పినమాట నిజమే, తూచి చూచినవారెవరు? తెలుగునేలపై నాపని చేసినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1987 నుండి 1990 వఱకు ఆ నగరసమీపమున 29 గ్రామములను తీసికొనిరి. వానిలో 15 గ్రామముల గర్భిణులకును, ఆఱేండ్లలోపు పిల్లలకును ప్రభుత్వపు శిశు అభివృద్ధి పథకము క్రింద పూరకాహారము దొరకెను; తక్కిన 14 గ్రామములకు ఆ పథక మింకను రాలేదు. దినమునకు గర్భిణికి సుమారు 500, బిడ్డకు సుమారు 300 కేలరీల తిండి; అంతే. 2003–05లో ఆ పిల్లలు 13 మొదలు 18 ఏండ్లవారై యుండగా వెదకి మఱల పరీక్షించిరి. ఆహారమందిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. ఇంతేనా యని నవ్వవలదు. వారి రక్తనాళముల బిగువు తక్కువ. ఇన్సులిన్ వారి దేహమున మెఱుగుగా పనిచేయుచుండెను. మధుమేహమునకు, గుండెజబ్బునకు దారితీయు గుర్తులు పసినాటి గిన్నెడు తిండితో కొంత తగ్గినవన్నమాట. గ్రామములను చీట్లువేసి యెన్నుకొనలేదు గనుక ఈ ఫలితమును కొంత జాగ్రత్తతోనే చదువవలెను.

ఇక మన్యము. ఇచ్చటి బిడ్డకు ఆకలితోపాటు జ్వరమును ఎదురగుచు వచ్చినది. అరకు నానుకొనియున్న జయపురపు కొండలలో, 1930 తరువాతి యేండ్ల యందు, బెంగాల్–నాగపూర్ రైల్వేవారి మలేరియా శాస్త్రజ్ఞుడు సీనియర్ వైట్ పరిశోధనలు చేసెను. ఈ కొండలలో మలేరియా మోయు ముఖ్యమైన దోమ మురికిగుంటలలో పెరుగునది కాదు. మెల్లగా పాఱు తేటసెలయేటి యంచున గడ్డినీడలో పెరుగును. విహారమునకు వచ్చిన మనము దోసిట పట్టి మెచ్చుకొను నీరే యది! ఒక యూరి మలేరియాను కొలుచుటకు ఆ కాలపు వైద్యులు పిల్లలను వరుసగా నిలిపి, ఎడమడొక్క క్రింద చేయుంచి ప్లీహమును తడవిచూచెడివారు. నూటికి ఎందఱి ప్లీహము పెరిగినదో అదియే యూరిలెక్క. ఆ లెక్కలో మిగులునది యంకెయే గాని పిల్లవాని పేరు కాదు. ఊరిజబ్బునకు కొలబద్దగా నిలిచిన పిల్లవాడు పెద్దవాడై యేమయ్యెనో దానిని పట్టుకొని వెదక వీలులేదు.

గర్భిణికి మలేరియా సోకినచో క్రిములు మావిలో చేరి బిడ్డకు పోవలసిన పోషణ కడ్డుపడును. బిడ్డ తేలికగా పుట్టును. హెర్ట్‌ఫర్డ్‌షైరు పుస్తకములలోని బలహీనపు బిడ్డయు సెలయేటియొడ్డు బిడ్డయు ఇచ్చట నొక్కతీరువారే. మొదటివాని పేరు పుస్తకమున నుండెను. రెండవవానికి పుస్తకమే లేదు.

1975 అక్టోబరు 2న దేశమున మొదలైన శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీలు నేడు కొండలమీదను కలవు. అచ్చట బిడ్డలను తూచుచున్నారు, పుస్తకమునను ఫోనునను ఎక్కించుచున్నారు. మైదానపు తల్లులు జాతకము ప్రక్కనే బరువును వ్రాసికొన్న చాలును. కొండతల్లికి అట్టి పెట్టెయు బీరువాయు ఉండవు. కావున మేము కోరున దొక చిన్నపని. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినది మొదలు పాడేరు జిల్లాకేంద్రము గదా. ఏడు తిరిగిన తూకపు పుస్తకములను పాతకాగితములలో కలుపక, అచ్చట చెదలంటని గదిలో పేరుపేరున నిలుపవలెను. నేడు రెండున్నర కిలోలకు లోపుగా తూగిన బిడ్డ యేబదియవ యేట ఆసుపత్రి మెట్లెక్కినపుడు, వైద్యుడు ఆ యంకె నడిగిన, ఇచ్చువా రుండవలెను.