అకారము నిలిచిన తీరము

జావాద్వీపముయొక్క ఉత్తరతీరమున, పశ్చిమ జావా మండలపు తూర్పుకొనయందు, చిరెబోన్ అను రేవుపట్టణము గలదు. పడమటను దక్షిణమునను సుండా భాష మాటలాడు ప్రజలు, తూర్పున జావా భాషీయులు, ఉత్తరమున సముద్రము. 16వ శతాబ్దమున సునన్ గునుంగ్ జాతి యను మతాచార్యుని కాలమునుండి యిది సుల్తానుల నగరముగ వర్ధిల్లినది. కసెపుహన్, కనోమన్ అను వారి కోటలు నేటికిని నిలిచియున్నవి. ఈ నగరమునందును, పొరుగుననున్న ఇంద్రమయు ప్రాంతమునందును వాడుకలోనున్న భాష జావా భాషకు మాండలికమా, లేక వేఱొక భాషయా యను వివాదము చిరకాలమునుండి కలదు. ఆ వివాదమును తీర్చుట మా యుద్దేశము కాదు. ఒక్క స్వరముయొక్క చరిత్రను చెప్పి, భాషాశుద్ధి యని మనమనుకొనుదానిని గూర్చి యది యేమి బోధించునో విచారించుటయే మా ప్రయత్నము.

జావా భాషలో ‘ఏమి’ యను నర్థమిచ్చు మాట ‘అప’. చిరెబోన్‌లో దానిని వ్రాసినట్లే ‘అప’ యందురు. సురకర్త, యోగ్యకర్త రాజధానులలోనైన ‘ఒపొ’ యని వినబడును. ఈ స్వరము మన ‘ఒకటి’ యందలి ఒకారము కాదు. నోరు మఱికొంత తెఱచి, అకార ఒకారములకు నడుమ పలుకునట్టిది. ఇంగ్లీషున న్యాయశాస్త్రమును దెలుపు ‘లా’ యను పదమునందలి స్వరము దీనికి దగ్గఱ. పదాంతమున అకారమున్నచో రాజధానివారి నోట అది యిట్లు మాఱును. దానికి ముందటి యక్షరమున గూడ అకారమే యున్నయెడల సాధారణముగ అదియు మాఱును. అన్నము ‘సెగ’ కాగా వారికి ‘సెగొ’. ఉన్నదను ‘అన’ వారికి ‘ఒనొ’. సంస్కృతమునుండి పోయిన మాటలకును ఇదియే గతి. మన రాజు అచట ‘రొజొ’, రాముడు ‘రొమొ’, భీముడు ‘బిమొ’. చిరెబోన్ వారికి మాత్రము రజ, రమ, బిమ.

ఈ రెండింటిలో ఏది ప్రాచీనము? దీనికి మూడు సాక్ష్యములు గలవు. మొదటిది సంస్కృతమే. రాజ శబ్దముయొక్క మూలరూపమును మన మెఱుగుదుము. అందు ఒకారమునకు తావు లేదు. జ్ఞాతి భాషయగు మలయ భాషయందును ‘అప’, ‘రజ’ యనియే కలదు.

రెండవ సాక్ష్యము లిపి. జావా లిపియు మన తెలుగు లిపియు దక్షిణ బ్రాహ్మీ కుటుంబమునకు జెందినవే. మనకు వలెనే వారికిని గుర్తేమియు లేని హల్లునందు అకార మిమిడియుండును. వారి అక్షరమాల ‘హ న చ ర క’ యని యారంభమగును. సురకర్త బాలుడు ఆ యక్షరములనే వ్రాసి ‘హొ నొ చొ రొ కొ’ యని చదువును. వ్రాత కదలలేదు, నోరు కదలినది. ఇట్టి మార్పును లిపి దాచగలదే కాని చూపలేదు.

మూడవ సాక్ష్యము రాజధానివారి నోటనే యున్నది. మాకు అన్నిటికంటె రుచించినదియు నిదియే. భాష యను మాట వారికి ‘బొసొ’. దానికి ‘నె’ యను ప్రత్యయమును జేర్చి ‘వాని భాష’ యని చెప్పవలసివచ్చినప్పుడు ‘బొసొనె’ యనరు, ‘బసనె’ యందురు. ప్రత్యయము వచ్చి చేరగానే అకారము పదాంతమున నుండదు. వెంటనే పాతస్వరము మరల బయలుపడును. కావున రాజధానివారి పలుకుబడిలోను అకారము చావలేదు, పదాంతమున వేషము మార్చినది మాత్రమే.

ఇంతవఱకు చదివినవారు చిరెబోన్ భాషయే శుద్ధము, తక్కినది భ్రష్టమని తీర్పు చెప్పుటకు తొందరపడవచ్చును. అదియు పొరపాటే. కాలము చిరెబోన్ తీరమునుగూడ విడువలేదు. ప్రాచీన జావా భాషలో వ్రాయబడి తేదీగల శాసనములలో మొదటిది క్రీ. శ. 804 నాటిది. ఆ ప్రాచీన భాషలో ‘ఉన్నది’ యనుటకు ‘హన’ యని యుండెను. చిరెబోన్ వారు అకారములను నిలుపుకొనిరి గాని హకారమును రాజధానివారితోపాటు తామును పోగొట్టుకొనిరి. రెండు అను ‘ర్వ’ యనునది ‘రొ’ యైనది, దానినుండి ‘లొరొ’ వచ్చినది. మనుష్యుడను ‘వ్వంగ్’ అనునది ‘వొంగ్’ అయినది. ఇంకను వెనుకకు పోయినచో మలయ భాషలో ‘బతు’ (ఱాయి), ‘బులన్’ (చంద్రుడు) అనునవి జావా భాషలో ‘వతు’, ‘వులన్’ అయియున్నవి. మలయులు నూఱును ‘రతుస్’ అనగా జావా వారు రేఫమును విడిచి ‘అతుస్’ అందురు. ఇవి తీరమునకును రాజధానికిని ఉమ్మడి మార్పులు. ఒక శాఖ ఒక చోట పాతదానిని నిలుపును, వేఱొక చోట విడుచును. మార్పెఱుగని భాష యెక్కడను లేదు.

అట్లయిన రాజధాని పలుకుబడికి గౌరవమెట్లు కలిగెను? వ్యాకరణమువలన గాదు, రాజ్యమువలన. 17వ శతాబ్దమున మతరాం రాజుల ప్రాబల్యము చిరెబోన్ వఱకు వ్యాపించినది. 1755లో ఆ రాజ్యము రెండుగ చీలి సురకర్త, యోగ్యకర్త ఆస్థానములు వెలసినవి. డచ్చివారు 1832లో జావా భాషాభ్యాసమునకై ఒక విద్యాలయమును సురకర్తలోనే నెలకొల్పిరి. ఆస్థానమెక్కడనో పండితులక్కడ, పండితులెక్కడనో పుస్తకములక్కడ. ‘నేను’ అను నర్థమిచ్చు ‘ఇంగ్సున్’ అను ప్రాచీన పదము రాజధానిలో రాజునోటికి దగినదయ్యెను. చిరెబోన్ తీరమున ఆ మాటయే ‘ఇసున్’ అయి బెస్తవాని నోటను సంతలోని స్త్రీ నోటను నేటికిని వినవచ్చుచున్నది. ఎట్టకేలకు 2003లో పశ్చిమ జావా మండల ప్రభుత్వము తన 5వ శాసనమున సుండా, మలయ-బెతావి భాషలతోపాటు చిరెబోన్ భాషను వేఱుగ పేర్కొని గుర్తించినది. భాషాశాస్త్రజ్ఞులలో పెక్కురు దానిని జావా మాండలికముగనే యెంచుచున్నారు. ఆ ప్రజలకు కావలసినది వర్గీకరణము కాదు, తమ బిడ్డ బడిలో తన మాటను తానాడుకొను హక్కు.

వ్రాతను గూర్చియు నొక చిక్కు గలదు. రోమను లిపిలో జావా భాష వ్రాయునపుడు నేటి యువకులు పలుకును బట్టి అకారమునకు బదులుగ ఒకారమును వ్రాయుచుందురు. ‘లర’ యనగా రోగము, ‘లొరొ’ యనగా రెండు. రాజధానిలో ఈ రెండును సన్నని స్వరభేదముతో వేఱుగ వినబడును గాని, ఒకే ఒకారముతో వ్రాసినచో రోగమును రెండును ఒక్కటైపోవును. చిరెబోన్ బాలుని కీ చిక్కే లేదు. నాగరికము కాదని నవ్వబడిన పలుకే వ్రాతకు చక్కగ నమరుచున్నది.

మే మీ సంగతులను చదువుచున్నప్పుడు మా తరగతిలో జరిగిన యొక చిన్నవిషయము జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగినది. ఒక బాలుడు ‘వద్దు’ అనుటకు ‘ఒద్దు’ అని వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, ఇది యే యూరి భాషయని తరగతి యంతయు నవ్వునట్లు అడిగితిమి. వాడు తల వంచుకొని ‘మా అమ్మ మాటండి’ అనెను. వకారముమీది యకారము ఒకారమగుట ‘వ్వంగ్’ శబ్దము ‘వొంగ్’ అగుటకు దూరపు పోలికయే. జావాలో దానిని భాషాచరిత్ర యని గౌరవముతో చదివిన మేమే, మా బడిలో దానిని తప్పని నవ్వితిమి.

వ్రాతకొక కట్టుబాటు అవసరమే; ‘వద్దు’ అని వ్రాయుట నేర్పక తప్పదు. అయితే నేర్పుట వేఱు, తల్లి మాటను హేళన చేయుట వేఱు. ఆ మఱునాడు మేము ఆ బాలుని పిలిచి, ఒద్దు అనుటలో అవమానమేమియు లేదనియు, పుస్తకమున మాత్రము వద్దు అని వ్రాయవలెననియు తరగతి యెదుటనే చెప్పితిమి. మా పాఠకులలో తల్లిదండ్రులైనవారు తమ యిండ్లలో పనివారి పలుకును, పల్లెనుండి వచ్చిన కోడలి పలుకును పిల్లలు వెక్కిరించినప్పుడు ఈ అకారపు కథను వారికి చెప్పుదురని నమ్ముచున్నాము.